సొంతిల్లు లేని చావు

ఒక ప్రశ్న అడుగుతాను, మొహమాటపడకుండా జవాబు చెప్పండి. మీ ఇంటి పై వాటాలో కిరాయికి ఉంటున్న మనిషి రేపు దవాఖానలో కన్నుమూస్తే, ఆ శవాన్ని మీ గేటు లోపలికి రానిస్తారా?

‘ఎందుకు రానివ్వం’ అని వెంటనే అనకండి. కాస్త ఆగి, ఇంట్లో మీ ఆయననో మీ ఆవిడనో అడిగి, కొడుకూ కోడలూ ఏమంటారో విని, పక్కింటి వాళ్ల మొహాలు ఒకసారి తలుచుకుని, అప్పుడు చెప్పండి. నేను తొందరపెట్టను. ఈ ప్రశ్నతో చాలా ఏళ్లుగా తిరుగుతున్నదాన్ని, మరి కాసేపు ఆగగలను.

పోయిన వారం మా గల్లీలో వాన కురుస్తుండగా రోడ్డుకు అడ్డంగా టెంటు వేశారు. పెళ్లేమో అనుకుని దగ్గరికి వెళితే లోపల ఐసు పెట్టె ఉంది. ఎదురు బిల్డింగులో మూడో అంతస్తున కిరాయికి ఉండే మనిషి, పాలమూరు వైపు నుంచి వచ్చి సెంట్రింగు పని చేసుకునేవాడు, పొద్దున దవాఖానలో పోయాడట. ఇస్త్రీ బండి వాళ్ల దగ్గరి నుంచి వైరు లాగి ఆ పెట్టెకు కరెంటు ఇచ్చారు. ఆయన భార్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే పాదాల కింద నుంచి వాన నీళ్లు పోతున్నాయి. తలెత్తి చూస్తే మూడో అంతస్తు బాల్కనీలో ఆమె ఆరేసుకున్న చీరలు అట్లాగే తడుస్తున్నాయి. ఆమె కావాలంటే మెట్లెక్కి వెళ్లి తన ఇంట్లో మంచినీళ్లు తాగి రావచ్చు, తడిసిన చీరలు తీసుకోవచ్చు. నిన్నటిదాకా అదే మెట్లెక్కిన ఆమె మొగుడు మాత్రం ఇప్పుడు ఎక్కకూడదు.

ఇది చూసి మా అక్క గుర్తుకు వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. మరిచిపోతే కదా గుర్తుకు రావడానికి. కానీ ఆమె గురించి రాయాలన్న కోపం మాత్రం ఆ టెంటు కింద నిలబడినప్పుడే వచ్చింది.

మాది నల్లగొండ జిల్లాలో రామన్నపేటకు ఆటోలో పోయేంత దూరంలో ఒక పల్లె. అక్క నాకంటే బాగా పెద్దది. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను ఎత్తుకుని పెంచింది, పెళ్లయిన కొన్నేళ్లకే బావ పోతే పిల్లలు లేని చేతులతో తిరిగొచ్చి, నాట్లకూ కలుపులకూ పోయి, ఆ కూలితోనే నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించింది. నేను సైన్సు టీచర్నయ్యాను, పెళ్లి మాట తలపెట్టలేదు. బాణామతి చేసిందని ఒంటరి ఆడవాళ్లను పట్టుకుని పళ్లు రాలగొట్టే కాలం అది. సెలవు దొరికితే ఊరూరా తిరిగి, నోట్లో నుంచి నిప్పులు తీసి, కొబ్బరికాయలో నుంచి రక్తం కార్పించి, ఇది మంత్రం కాదు రసాయనం అని చూపించేవాళ్ల గుంపులో నేనూ ఒకదాన్ని. నా సభలకు అక్క వచ్చి ముందు వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది, ఇంటికి రాగానే ఎల్లమ్మకు మొక్కి సాక నీళ్లు పోసేది. ఇదేం న్యాయమని దెబ్బలాడితే ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే: “నువ్వు లేదని చెప్పు, నేను ఉన్నదని మొక్కుత. ఇద్దర్ల ఒక్కలమన్న బతుకుతం.”

మా పల్లెలో మట్టి గోడల ఇల్లొకటి ఉండేది, నేను ఉద్యోగంలో ఉండగానే ఒక ముసురుకు కూలిపోయింది. ఆ జాగా పెదనాయిన కొడుకు కలుపుకున్నాడు, మేమూ పట్టించుకోలేదు. నా సర్వీసంతా రామన్నపేటలో కిరాయి గదుల్లోనే గడిచింది. జీతంలో పుస్తకాలకూ సభలకూ పోయింది పోగా మిగిలింది తిని బతికాం. ఇల్లు కట్టుకోవాలనే ఆలోచన ఇద్దరికీ రాలేదు. దానికి మూల్యం ఉంటుందని అప్పుడు తెలియదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను రిటైరయ్యాను. అక్కకు మోకాళ్లు బిగుసుకుపోయి మందులకు పెద్ద దవాఖాన దగ్గర ఉండటం మంచిదన్నారు, నాకు చదువుకోవడానికి పెద్ద లైబ్రరీ ఉంటే బాగుండుననిపించింది. మన నల్లగొండ వాళ్లందరిలాగే విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చి, హయత్‌నగర్ దగ్గర బస్సు దిగి, మూటలు ఒక టీ కొట్టులో పెట్టి, టులెట్ బోర్డులు వెతుక్కుంటూ తిరిగాం. మన వయసు వాళ్లలో ఎంతమంది ఇట్లా తిరగలేదు? ఆ గేట్ల దగ్గర అడిగే ప్రశ్నలు మీకూ తెలుసు. ఎంతమంది ఉంటరు, చుట్టాలు ఎక్కువ వస్తరా, నీళ్లు ఎక్కువ పారపోస్తరా, నీసు తింటరా, చివరకు గొంతు తగ్గించి, మీరు ఏమోళ్లు? నేను మనుషులమని జవాబు చెప్పడం, గేటు మూసుకోవడం, ఇట్లా మధ్యాహ్నం దాకా గడిచింది. అక్కకు కాళ్లు లాగుతున్నాయి, నామీద చిరాకు వచ్చింది. నాలుగో గల్లీలో ఇంటామె అదే ప్రశ్న అడగగానే నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది: “మా చెల్లె టీచరమ్మ బిడ్డా. జవాబులు చెప్పుడు మరిచిపోయింది, అడుగుడే వస్తది. నీళ్లు జర ఇస్తవా, గొంతెండింది.” ఇంటామె నవ్వి నీళ్లిచ్చింది. ఆ నవ్వులో కులం సంగతి కొట్టుకుపోయింది. అట్లా మాకు మొదటి అంతస్తులో రెండు గదులు దొరికాయి.

ఆ ఇంటి యజమాని నకిరేకల్ అవతలి పల్లె నుంచి వచ్చి, బస్సు కండక్టరుగా చేసి, చాలాకాలం కిరాయి ఇళ్లలో ఉండి, చివరకు ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నవాడు. మంచి మనిషి. ఈ మాట వెటకారంగా రాయడం లేదు. కరెంటు పోతే ముందు మాకు కొవ్వొత్తి పంపేవాడు, కూరగాయల బండి వస్తే అక్క మెట్లు దిగకుండా తానే తీసుకొచ్చేవాడు. ఆయన భార్య సర్వపిండి చేస్తే మొదటి ముక్క మా ఇంటికే వచ్చేది. చెడ్డవాళ్ల గురించి రాయడానికైతే నాకు ఈ వయసులో ఇంత ఆయాసం అక్కర్లేదు.

ఆ రెండు గదుల్లో అక్క పొందిన సుఖం గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ తరువాత పోయిందేమిటో అది తెలియకుండా మీకు అర్థం కాదు. మా ప్రాంతపు ఫ్లోరైడు నీళ్లు ఎముకలను ఏం చేస్తాయో మీకు తెలుసు. అక్క పళ్లు గోధుమరంగుకు తిరిగి, మోకాళ్లు వంగక, గొంతుక్కూర్చోవడం ఎప్పుడో పోయింది. పల్లెలోనూ రామన్నపేటలోనూ దొడ్డికి పోవడమంటే ఆమెకు రోజూ ఒక గండం. గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఒకోసారి నా భుజం పట్టుకుని ఏడ్చేది. ఈ ఇంట్లో బాత్రూములో కమోడు ఉంది. మొదటి రోజు దానిమీద కూర్చుని చాలాసేపటికి బయటకు వచ్చి, కుర్చీల కూసున్నట్టే ఉన్నది చెల్లె, అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు ముందు లైబ్రరీ ఎంత?

ఇక నల్లా. రోజు విడిచి రోజు పొద్దున్నే కృష్ణ నీళ్లు వచ్చేవి. పైన ట్యాంకు ఉంది, తిప్పితే ఎప్పుడైనా బోరు నీళ్లు వస్తాయి, అయినా అక్కకు నమ్మకం కుదరలేదు. నల్లా వచ్చిన పొద్దున బిందెలు, బకెట్లు, గిన్నెలు, టిఫిను డబ్బా మూతలు, చివరకు నా టీ కప్పులు కూడా నింపి వరుసగా పెట్టేది. నేను వంటింట్లోకి అడుగు పెట్టడానికి జాగా ఉండేది కాదు. పాత నీళ్లు పారబోయడానికి చేయి రాక, కింది వాళ్లకూ పక్క పోర్షను వాళ్లకూ ఇస్తానని వెంటపడేది. వాళ్ల ఇళ్లలోనూ అదే నల్లా ఉంది కదా అంటే వినేది కాదు. ఆ నీళ్లు మన నల్లగొండ జిల్లా మీద నుంచే పైపుల్లో పట్నానికి వస్తాయని, మన పల్లెలు దాటే వస్తాయని ఒకసారి నేను ఆవేశంగా ఉపన్యాసమిస్తే, తీరిగ్గా విని అన్నది: “నీళ్లు గూడ మన లెక్కనే చెల్లె. ఊర్ల బతకలేక పట్నం వచ్చినయ్.”

మేం దిగిన రెండో ఏడు కిందింట్లో యజమాని తల్లి చనిపోయింది. పండు ముసలి, ముందు గదిలో మంచం మీదే ప్రాణం పోయింది. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు, చుట్టాలు వచ్చారు, డప్పులు మోగాయి. ఎత్తుకుపోయాక ఇల్లు కడిగారు, దినాలనాడు మేం కూడా పోయి అన్నం తిన్నాం. వారం తిరగకుండానే ఆ ముందు గదిలో టీవీ పెట్టుకుని అందరూ సీరియల్ చూస్తున్నారు. అది సహజమే, అట్లాగే ఉండాలి. నేనప్పుడు ఏమీ అనుకోలేదు.

నాలుగైదేళ్లు గడిచాక అక్కకు కడుపులో గడ్డ బయటపడింది. దవాఖానలో కోసి చూసి మళ్లీ కుట్టేశారు. ఒక వానాకాలం మొదట్లో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మని, తిన్నన్నాళ్లు తిననివ్వమని చెప్పాడు. ఇంటికే తీసుకొచ్చాను. మాకున్న ఇల్లు అదే కదా. అక్కకు చెప్పకుండానే తెలిసిపోయింది. తాను కోరింది ఒకటే: “నన్ను ఏడికీ తిప్పకు. గీ కిటికీ కాడ్నే మంచం ఎయ్యి. నల్లా చప్పుడు ఇనపడుతది.” చేస్తానని మాటిచ్చాను. ఆమె నా కోసం జీవితమంతా ఇచ్చింది, నేను ఆమెకు ఒక మంచం పట్టేంత జాగా ఇవ్వాలి, అంతే.

మరుసటి సాయంత్రం యజమాని వచ్చాడు. చేతిలో రెండు దానిమ్మపళ్లు ఉన్నాయి. అక్క పడుకున్న గదికీ ముందు గదికీ మధ్య ఒక పరదా, అంతే అడ్డు. కూర్చున్నాడు, టీ తాగాడు, చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు.

“టీచరమ్మా, తప్పుగ అనుకోకుండ్రి. అక్కను ఊరికి తీస్కపోతే పానం జర నిమ్మలముంటదేమో.”

ఊళ్లో మాకు ఇల్లు లేదని, ఇదే మా ఇల్లని చెప్పాను.

“మీ ఇల్లేడిది, కిరాయిల్లు గదా,” అన్నాడు, అదేదో నేను మరిచిపోయిన విషయం మెల్లగా గుర్తుచేస్తున్నట్టు.

అప్పుడు అర్థమైంది. కిరాయి ఇంట్లో ప్రాణం పోకూడదు. పోతే, నక్షత్రం మంచిది కాకపోతే, ఆ వాటాకు తాళం వేసి ఆరు నెలలు పాడుపెట్టాలి. మంచిదే అయినా అందులోకి మళ్లీ ఎవరూ దిగరు. ఇది ఏ చట్టంలోనూ లేదు, మా కిరాయి కాగితంలోనూ లేదు, కానీ నగరమంతా పాటిస్తుంది. నేను ఊరుకోలేదు. సభల్లో మాట్లాడినట్టే మాట్లాడాను. మీ అమ్మ కిందింట్లో పోయింది కదా, ఆ ఇంటికి ఎవరు తాళం వేశారని అడిగాను. అది సొంతిల్లు గదా అన్నాడు. అయితే యముడు వచ్చేముందు రిజిస్ట్రేషను కాగితాలు చూసి వస్తాడా, ఓనరు ప్రాణానికి ఒక దోషం, కిరాయిదారు ప్రాణానికి ఒక దోషమా అని అడిగాను. పుట్టుక అశుభం కానప్పుడు చావు ఎట్లా అశుభమవుతుందో చెప్పమన్నాను. మనిషి శరీరం ఆగిపోవడమంటే ఏమిటో ఏడో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. ఆయన ఒక్కమాటకు కూడా అడ్డం రాలేదు, మొత్తం విన్నాడు.

“మీరు చెప్పింది మొత్తం కరెక్టే టీచరమ్మా. నాకు గూడ గా నమ్మకాలు లేవు. గని మనిషి పోయిన ఇంట్లకు రేపు ఎవ్వలు దిగుతరు? పక్క పోర్షనోళ్లు గిప్పటికే ఖాళీ జేస్తమంటున్నరు. నేనేం జెయ్యాలె, మీరే చెప్పుండ్రి.”

ఆయన వెళ్లాక పక్క పోర్షనుకు వెళ్లాను. ఆ ఇంటి కోడలు నా చేతులు పట్టుకుని, నాకట్ల ఏం లేదక్కా, మా అత్తమ్మనే భయపడుతది, అన్నది. అత్త లోపలి నుంచి వచ్చి, “నాకేం భయం బిడ్డా, నేనే రేపో మాపో పొయ్యేదాన్ని. ఓనరు ఊకోడని గదా,” అన్నది. ఓనరు పక్క పోర్షను వాళ్ల మీద చెప్పాడు, కోడలు అత్త మీద చెప్పింది, అత్త తిరిగి ఓనరు మీద పెట్టింది. బాణామతిని నమ్మే ఊళ్లలో నా పని సులువుగా ఉండేది, ఎందుకంటే అక్కడ నమ్మేవాడు ఎదురుగా నిలబడి నమ్ముతున్నానని చెప్పేవాడు. వాడితో వాదించవచ్చు, వాడి కళ్ల ముందు కొబ్బరికాయ పగలగొట్టి చూపించవచ్చు. ఇక్కడ నమ్మకం ఉంది, నమ్మే మనిషి లేడు. ప్రతివాడూ పక్కవాడు నమ్ముతాడని భయపడుతున్నాడు. మూఢనమ్మకానికి ఇంతకంటే గట్టి కోట ఉండదని ఆ రోజు నేర్చుకున్నాను. ఇన్నేళ్ల నా ఉపన్యాసాల్లో ఈ ఒక్క సంగతే లేదు.

ఇంట్లోకి వచ్చేసరికి అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పరదా వెనక అంతా విన్నది. నేను పోరాడతానని, అవసరమైతే పదిమందిని పిలుస్తానని, పేపరుకు రాస్తానని, ఎవరు గేటుకు అడ్డం నిలబడతారో చూస్తానని అరుస్తున్నాను. ఆమె అరవనిచ్చింది, నేను అలిసిపోయేదాకా ఆగింది.

“అయిపోయిందా? మూటలు గట్టు.”

నేను కదల్లేదు.

“నేను పోత, నాకేంది. రేపు నువ్వు ఏడుంటవే? గీ ముసలిదానింట్ల పీనుగ లేసింది, ఓనరుతోని లొల్లి వెట్టుకున్నది అంటే నీకు పట్నంల ఎవడిస్తడు గది? దయ్యాలకు ఎన్నడు భయపడకపోతిమి చెల్లె. ఓనర్లకు భయపడాల్సొచ్చె.” నవ్వబోయింది, నొప్పికి ఆగిపోయింది.

తన చావు గురించి కాదు, నా గది గురించి ఆలోచించింది. దీని మీద నేను ఇంకేమీ రాయలేను.

అంబులెన్సులో పొద్దున్నే బయలుదేరాం. యజమాని తానే వచ్చి అక్కను మంచంతో సహా మెట్లు దింపడంలో చేయి వేశాడు, ఆయన కళ్లలో నీళ్లు కూడా చూశాను. చౌటుప్పల్ దాటేదాకా అక్క కళ్లు తెరుచుకుని టోలుగేటు దగ్గర లారీలు చూసింది. ఊళ్లో పెదనాయిన కొడుకు కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకున్నాడు, గుమ్మానికి కట్టిన తోరణం కూడా ఇంకా తీయలేదు. మాకు తమ్ముడి వరస, తల వంచుకుని నిలబడ్డాడు. “కొత్తిల్లక్కా,” అన్నాడు. అంతకంటే చెప్పనక్కర్లేదు. పత్తి బస్తాలు పెట్టుకునే రేకుల కొట్టం ఊడ్చి, అందులో మంచం వేశారు. మా నాయిన ఇల్లున్న జాగా అదే.

రెండు మూడు రోజులేనని అందరూ అనుకున్నారు. అక్క పోలేదు. చావు మన సౌకర్యం చూసుకుని రాదు. మేం దాన్ని తప్పించడానికి ఊరు మారాం, అది నిమ్మళంగా దాని దారిన అది నడిచి వచ్చింది. వానలన్నీ ఆ కొట్టంలోనే గడిచాయి. వాన పడితే రేకుల చప్పుడుకు మాట వినపడేది కాదు, ఎండ కాస్తే ఉడికిపోయేది. ఊళ్లో కొత్తగా ఇంటింటికీ నల్లా బిగించారు, నీళ్లింకా వదల్లేదు. కొట్టం వెనక బాత్రూము ఉంది, కింద కూర్చునేది. ఇక దాని గురించి ఏం చెప్పను. ఏ కష్టం పోయిందని చిన్నపిల్లలా నవ్విందో, ఆ కష్టమే ఆమె చివరి రోజుల్లో తిరిగి వచ్చింది. నేనూ మరదలూ చెరో చేయి పట్టుకుని లేపేవాళ్లం, చివరకు లేపడానికి కూడా లేకపోయింది. అన్నాళ్లూ పట్నంలో మా రెండు గదులకు తాళం వేసి ఉంది, కిరాయి పంపుతూనే ఉన్నాను. కిటికీ ఉంది, నల్లా ఉంది, కమోడు ఉంది, మనిషి మాత్రం రేకుల కింద ఉంది. ఏ శాస్త్రం ప్రకారం?

యజమాని అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. అక్కకు ఎట్లుందని అడిగేవాడు. అట్లనే ఉందని చెప్పేదాన్ని. సరే అమ్మా, పైలం, అని పెట్టేసేవాడు.

పత్తి పగిలే కాలంలో ఒక మధ్యాహ్నం అక్క పోయింది. మరదలు పత్తి ఏరడానికి పోయి ఉంది, నేనొక్కదాన్నే ఉన్నాను. నీళ్లు అడిగింది, కొనుక్కున్న మంచినీళ్ల ప్లాంటు క్యాను నుంచి గ్లాసులో పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, ఇవి మన నల్లా నీళ్లేనా అని అడిగింది. అవునని చెప్పాను.

కర్మలేవీ చేయించలేదు, ఎల్లమ్మకు మాత్రం ఆమె మొక్కు ఒకటి మిగిలి ఉంటే సాక నేనే పోశాను. దాని మీద నాతో వాదనకు దిగాలనుకునే హేతువాద మిత్రులు దిగవచ్చు, నేను తగ్గను.

పట్నానికి తిరిగి వచ్చి మెట్లెక్కుతుంటే యజమాని ఎదురొచ్చాడు. నిజంగానే దుఃఖపడ్డాడు. “అక్క అన్ని తెలిసిన మనిషి టీచరమ్మా. పోయేముందు గూడ ఎవ్వలకు ఇబ్బంది కానియ్యలె,” అన్నాడు.

ఆ పొగడ్త విన్న నెలలోనే నేను ఆ ఇల్లు ఖాళీ చేశాను. ఎవరూ పొమ్మనలేదు, ఉండమని బతిమాలారు కూడా. కానీ మంచి మనుషులనిపించుకోవడానికి మనం ఎక్కడ చావాలో కూడా వాళ్లు చెప్పే చోట నేనుండలేకపోయాను. మళ్లీ టులెట్ బోర్డుల వెంట తిరిగాను. ఈసారి వాళ్ల ప్రశ్నలన్నీ అయ్యాక నేనొక ప్రశ్న అడిగేదాన్ని: నేను ఈ ఇంట్లోనే చనిపోతే మీకు అభ్యంతరమా? కొందరు నవ్వారు, కొందరు పిచ్చిదనుకున్నారు. ఒకాయన అడ్వాన్సు తీసుకున్నవాడు కాస్తా తిరిగి నా చేతిలో పెట్టి గేటు వేసుకున్నాడు. చివరకు ఒక మిర్చిబజ్జీల ఆమె, మొగుడు పోయి రెండు గదులు కిరాయికిచ్చుకుని బతికే ఆమె, నూనెలో జల్లిగరిటె ఆపకుండానే జవాబు చెప్పింది.

“సావు అడిగి వస్తదా టీచరమ్మా? నాకు ముందొస్తే నువ్వు ఏడువు, నీకు ముందొస్తే నేను ఏడుస్త. బజ్జీ తింటవా?”

అప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆమె ఏ సభకూ రాలేదు, నేను చెప్పే ఏ సంగతీ ఆమెకు అక్కర్లేదు, శనివారం గుడికి పోతుంది. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమెకు ఖర్చయింది ఏమీ లేదు.

ఈ మధ్యనే ఈ నగరం ఎంత మారిపోయిందో మీరే చూస్తున్నారు. మేం మూటలతో దిగిన చోట ఇప్పుడు వంతెనలు, అద్దాల బిల్డింగులు. ఇల్లు వెతకడానికి గల్లీలు తిరగక్కర్లేదు, ఫోనులోనే గదులు, బాత్రూములు, బాల్కనీ నుంచి కనిపించే ఆకాశం కూడా చూపిస్తున్నారు. గ్యాసు పైపులో వస్తుంది, కరెంటు పోతే జనరేటరు మోగుతుంది, కుక్కలకు ప్రత్యేకంగా లిఫ్టు వేళలున్నాయి. మా పక్క కాలనీ వాళ్లయితే చందాలు వేసుకుని శ్మశానం పక్కన ఒక గది కట్టించారు, కిరాయిదార్ల శవాలు పెట్టుకోవడానికట. ఫ్యాను ఉంది, కుర్చీలున్నాయి. రిబ్బను కత్తిరించి ఫోటోలు దిగారు. కొత్తగా వచ్చేవాళ్లకు మనం కల్పించిన సదుపాయం అది! సిగ్గుపడాల్సిన చోట గది కట్టి, దానికి సేవ అని పేరు పెట్టాం. ఒకప్పుడు పల్లెలో ఇల్లు లేని బాటసారి ఎవరి అరుగు మీద పోయినా, ఆ అరుగు వాళ్లే నీళ్లు పోసి నలుగురిని పిలిచేవాళ్లని మా అవ్వ చెప్పేది. ఆ కాలం మంచిదని నేననను, దాని కుళ్లు దానికుంది. కానీ ఇన్ని లిఫ్టులెక్కి, ఇన్ని నల్లాలు తిప్పి, మనం ఎక్కడికి వచ్చాం?

ఇది చదివే మీలో చాలామంది ఒకప్పుడు నాలాగా మూటలతో దిగినవాళ్లే, ఆ గేట్ల దగ్గర నిలబడి ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పినవాళ్లే. ఇప్పుడు గేట్లు మీవి. నాకు ఈ నమ్మకాలు లేవు, పక్కవాళ్ల కోసమే భయపడుతున్నానని నాతో అనకండి. మీరే ఆ పక్కవాళ్లు. మీరు ఒక్కరు భయం మానేస్తే మీ గల్లీలో భయపడటానికి ఒక మనిషి తగ్గుతాడు. చావు ఇంటిదాకా వచ్చినప్పుడు చూద్దామని వాయిదా వేయకండి, అప్పుడు మంచివాళ్ల నోళ్లు కూడా మూతపడతాయి, నేను చూశాను. అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఇవాళే, ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. మీ మెట్లెక్కి వెళ్లి తలుపు కొట్టండి. లోపల ముసలివాళ్లుంటే వాళ్లను పిలిచి, వాళ్లకు వినపడేలా చెప్పండి: “ఈడ్నే ఉండుండ్రి. ఎన్నడు పోయినా, ఈడ్నుంచే పోదురు.”